నెత్తళ్ళ పొగ

"తలుపెయ్యే గుంటా, వాసన పోతాది."

"ఏసీసినానత్తా."

మా అత్తా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. ఆ తర్వాత ఆమె కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరవలేదు. అప్పటికి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొయ్యి మీద ఏ కూరా లేదు. తలుపు బార్లా తెరిచే ఉంది, పేటలో జనం వచ్చి చూసి పోతున్నారు. అయినా వేసేశానని చెప్పాను. ఆమెకి కావలసింది ఆ మాటే.

రాస్తున్నావా తల్లీ? నేను చెప్పినట్టే రాయి. నాకు వేలు పట్టి నేర్పిన సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు. నువ్వు మార్చి రాసినా నాకు తెలీదు, అందుకని మార్చకు. ఆమె పేరు మాత్రం ఎక్కడా పెట్టకు. అత్త అనే రాయి.

అత్త పొట్టి మనిషి. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. మా వైపు ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ కాలుస్తారు, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. నువ్వు చూసి ఉండవు. నోట్లో నిప్పు పెట్టుకునే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. ఆమె పెదాలు బిగించి ముక్కులోంచి పొగ వదులుతుంటే మాత్రం ఎవరూ దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. ఏదో తేల్చుకుంటోందని అర్థం.

ఎడమ చేతి చివరి వేళ్ళు రెండూ వంకరగా ఉండేవి. చిన్నప్పుడు ఎండబెట్టిన పెద్దకూర తునకల దండ చేత్తో పట్టుకుని ఊరి పెద్ద ఇంటి ముందు నుంచి నడిచిందట. ఆ దారిన ఆ దండతో పోకూడదని పిల్లకి ఏం తెలుస్తుంది? అరుగు మీద కూర్చున్నాయన చేతికర్రతో కొట్టాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వేది. "ఏళ్ళిరిగిపోనాయి గానీ దండ ఒగ్గీనేదే," అనేది. ఆ వంకర వేళ్ళతోనే ఉప్పు తీసి కూరలో వేసేది.

పెద్దకూర అని మనం అనేది గొడ్డు మాంసాన్నే కదా. అత్త ఆ మాట కూడా నోటితో అనేది కాదు. "అది" అనేది. "ఈ ఆదివారం అది దొరికింది." "అది ఇంకా ఉడకనేదు." మేం పేటకి తిరిగొచ్చేశాక, అటూ ఇటూ అన్ని ఇళ్ళలో అదే వండుకుంటున్నా, అత్త మాత్రం కుండకి పిండితో మూత బిగించి, తలుపు వేసి, గుమ్మంలో నెత్తళ్ళు కాల్చేది. నెత్తళ్ళంటే వేలెడు ఎండు చేపలు. పేటలో వాళ్ళు నవ్వేవాళ్ళు. "ఎవుల్ని సూసి దాస్తన్నావే ముసిల్దానా?" అనేవాళ్ళు. ఆమె జవాబు చెప్పేది కాదు. ఎందుకో నాకు తెలుసు, అది చెప్పడానికే నిన్ను కూర్చోబెట్టాను.

నాకు పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి నెల్లిమర్లలో జూట్ మిల్లులో పని దొరికింది. పేట నుంచి రోజూ నడవలేక, మిల్లుకి దగ్గర్లో ఒక వరస ఇళ్ళలో గది తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు, మాదీ రైతుల కులమేనని చెప్పాడు. మాలవాళ్ళమని చెబితే గది మాట అటుంచు, ఆ వీధిలో నిలబడనివ్వరు. ఇల్లు గలామె వరస చివరింట్లోనే ఉండేది. భూములున్న కుటుంబం. కొడుకు, ఇద్దరు మరుదులు అదే మిల్లులో చేసేవారు. ముందటేడు పక్క వీధిలో ఒకతను మాలాగే కులం దాచి ఇల్లు తీసుకున్నాడని బయటపడితే, స్తంభానికి కట్టి కొట్టారు. అతను మళ్ళీ సరిగ్గా నడవలేదు. కట్టింది ఈ మరుదులే. ఆ సంగతి ఇల్లు గలామే నాకు చెప్పింది, బియ్యం చెరుగుతూ, ఊరి కబురు చెప్పినట్టు. నేను విని తలూపాను.

ఆ రోజులే అలాంటివి. పార్వతీపురం కొండల్లో నక్సలైట్ల గొడవలని, రోడ్డు మీద పోలీసు లారీలు పోతుండేవి. కొత్తగా ఎవరొచ్చినా ఎవరు మీరు, ఎక్కడోళ్ళు అని ఒకటికి రెండుసార్లు అడిగేవారు. అడిగినప్పుడల్లా నేను అత్త వెనక్కి జరిగేదాన్ని. అత్త మాత్రం చుట్ట అటు నుంచి ఇటు తిప్పుకుని, "మాది పొందూరవతల బాబూ," అని, వాళ్ళనే ఏదో ఒకటి అడిగి మాట మార్చేసేది.

అలా దాక్కుని బతికేవాళ్ళు ఆ తిండి మానుకోవచ్చు కదా అంటావేమో. మా ఆయనా అన్నాడు.

"అమ్మా, ఇక్కడొద్దే. మానీ."

"వారం పొడుగూ నార మోస్తన్నావు. నీ పక్కటెముకలు నానిక్కడి నుంచే లెక్కెట్టగలను. కులం మార్సుకున్నావు, సరే. ఒళ్ళు కూడా మార్సుకున్నావేటి?"

ఆయన చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు.

ఆదివారం పొద్దున్నే అత్త తట్ట పట్టుకుని తమ్ముడి ఊరికి వెళ్ళేది. వచ్చేటప్పుడు తట్ట అడుగున అడ్డాకుల్లో చుట్టిన మూట, పైన తోటకూర కట్టలు. దారిలో ఎవరైనా తోటకూర కావాలంటే దింపి అమ్మేది కూడా. దించొద్దత్తా అని నేను బతిమాలితే, "దించకపోతేనే కదే అనుమానం," అనేది.

ఇంటికొచ్చాక తలుపు వేసి, కిటికీ సందుల్లో పాత గోనె ముక్కలు కుక్కేది. కుండ అడుగున మూలుగ ఎముకలు, వాటి మీద కొవ్వున్న ముక్కలు, నానబెట్టిన ఉలవలు, ఆ పైన పెండలం దుంప లావు లావు ముక్కలు. పసుపు, ఉప్పు, దంచిన వెల్లుల్లి, వేయించి నూరిన ధనియాలూ ఎండు మిరపకాయలూ. ముక్కలు మునిగేదాకా నీళ్ళు. మూకుడు బోర్లించి, మీరిప్పుడు రాగులంటారే, ఆ చోడిపిండి ముద్ద అంచు చుట్టూ మెత్తేది. ఆవిరి పోకూడదు. ఆవిరి పోతే వాసన పోతుంది, వాసన పోతే మేం పోతాం. గోగు పుల్లల మీద సన్నమంట. ఎక్కడైనా పిండి ఎండి బీట కొడితే తడి పిండి తీసి అద్దేది. నేను కళ్ళార్పకుండా ఆ బీటల్నే చూస్తూ కూర్చునేదాన్ని.

మూత తియ్యడానికి లేదు కాబట్టి ఉడికిందో లేదో చూడ్డానికి లేదు. అత్త కుండని గోటితో కొట్టి, చెవి దగ్గరికి వంచి వినేది. "ఇంకా కబుర్లు సెప్పుకుంటన్నాయి, ఉండనీ," అనేది. ఇంకా కాసేపయ్యాక, "నిద్దరోయినాయి. దించు," అనేది. అప్పుడు మూత తీస్తే, దుంప కరిగి పులుసంతా చిక్కబడి, ఉలవలు వెన్నలా అయిపోయి, ముక్క వేలితో తాకితే విడిపోయేది. పొద్దుగూకకుండానే ముగ్గురం కుండ చుట్టూ కూర్చుని చోడి ముద్దలోకి నంచుకుని తినేవాళ్ళం. మూలుగ ఎముక మా ఆయనకి. మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎముక జుర్రుకునే చప్పుడు గోడ దాటకూడదని ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని జుర్రేవాడు.

ఇది ఉడుకుతున్నంతసేపూ వీధి గుమ్మంలో కుంపటి మీద నెత్తళ్ళు కాలుతుండేవి. ఆ పొగ ముందు ఇంకే వాసనా నిలబడదని అత్త ఎత్తు. వరసలో వాళ్ళు ముక్కు మూసుకుని, "నెత్తళ్ళ మామ్మ మొదలెట్టీసినాదిరా," అని నవ్వుకునేవాళ్ళు. అత్తకి నెత్తళ్ళ మామ్మ అన్నదే పేరయిపోయింది.

ఆ మామ్మ దగ్గరికే ఒక ఆదివారం నర్సమ్మ వచ్చింది.

నర్సమ్మ ఇల్లు గలామె కోడలు. కడుపుతో ఉంది. మొదటి బిడ్డకి చెవిలో చీము కారి కారి, జ్వరం తగిలి, ఏడాది నిండకుండా పోయాడు. కడుపుతో ఉన్నదాని నోటికి కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవి చీము కారుతుందని మా వైపు అంటారు కదా. ఆ కాన్పులో నర్సమ్మ ఏదో అడిగితే ఇప్పుడెక్కడ దొరుకుతుందని ఇల్లు గలామె కసిరిందట. బిడ్డ పోయాక ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు గానీ, అందరికీ తెలుసు.

"మామ్మా, నీ కూర కొంచెం పెట్టవా? నోరూరిపోతన్నాది."

అత్త కుంపటి మీద నెత్తళ్ళు నాలుగు తీసి ఆకులో పెట్టి ఇచ్చింది. నర్సమ్మ పట్టుకెళ్ళింది. గుక్కెడు నీళ్ళు తాగేలోపు మళ్ళీ వచ్చింది.

"ఇది కాదు మామ్మా. ఈ వాసన కింద ఇంకోటొస్తన్నాది. అది."

వీధంతా పట్టలేని వాసన కడుపుతో ఉన్న ఆ ఒక్క ముక్కూ పట్టేసింది. నేను అత్త చెవిలో, "వద్దత్తా, సంపేస్తారు. నేదని సెప్పీ," అన్నాను. లేదంటే బిడ్డ చెవి. పెడితే మా ఆయన స్తంభానికి. ఆ పిల్ల గుమ్మంలో పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

అత్త పెదాలు బిగించింది. ముక్కులోంచి పొగ వచ్చింది. చాలాసేపు వచ్చింది. తర్వాత చుట్ట తీసి, నర్సమ్మని రెక్క పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది.

"అమ్మీ, అది పెద్దకూర. మేం తినేది, మీరు తిననిది. మేమెవులమో ఇంక నానేరే సెప్పక్కర్నేదు. తెలిసి తింతానంటే పెడతాను. తెలీకండా మాత్రం నీ నోట్లో పెట్టను."

నర్సమ్మ మొహం తెల్లబోయింది. అత్తని చూసింది, నన్ను చూసింది, కుండని చూసింది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎలా గడిచిందో ఎలా చెప్పను! కుండ దించాం, ఎవరూ తినలేదు. మా ఆయన, "ఎందుకే సెప్పీసినావు? నెత్తళ్ళ పులుసని రెండు ముక్కలు పెట్టీస్తే పోయేది కదే," అని తల పట్టుకున్నాడు.

"అలగెలగ పెడతాన్రా? దానికి తెలీకండా దాని కడుపులో ఏస్తే, అది మోసం."

"మరి మనం ఇక్కడుండడం మోసం కాదేటి?"

"అది ఇంటి సంగతి. ఇది నోటి సంగతి."

బయట ఎవరి అడుగు వినిపించినా ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. దీపాలు పెట్టే వేళకి తలుపు మీద చిన్న చప్పుడైంది. నర్సమ్మ. పైట కింద వాళ్ళింటి కంచుగిన్నె పట్టుకుని వచ్చింది.

"పెట్టు మామ్మా," అంది. మా పళ్ళెంలో తినదట, తన గిన్నెలోనే పెట్టాలట.

"కూర మాది, గిన్నె మీది. బాగానే ఉన్నాది," అంది అత్త. అని మూలుగ ఎముక తీసి ఆ గిన్నెలోనే వేసింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుని, ఏడుస్తూ తింది. తింటూ ఏడ్చింది. ఏదైతేనేం, అడుగు దాకా తింది. మా చెంబులో చన్నీళ్ళతో గిన్నె కడుక్కుని పైట కింద పెట్టుకుని వెళ్ళింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. అత్త ఆమె వాటా తీశాకే మాకు పెట్టేది. మా ఆయనకి ఎముక మానేసింది. నర్సమ్మ బుగ్గలు తేరుకున్నాయి. ఆమె తేరుకున్న కొద్దీ నాకు భయం పెరిగేది. వరసలో ఆడవాళ్ళు, "ఏటి నర్సమ్మా, పుట్టింటోళ్ళు నెయ్యి పంపుతన్నారేటి?" అని అడుగుతున్నారు. మాట ఎక్కడ జారుతుందో తెలీదు.

ఒక ఆదివారం ఇల్లు గలామె వచ్చింది. ఎప్పుడూ మా గుమ్మం దాటని మనిషి, తిన్నగా లోపలికి వచ్చి పొయ్యి ముందు పీట వాల్చుకుని కూర్చుంది. కుండ పొయ్యి మీదే ఉంది. గోనె ముక్కలు కిటికీలోనే ఉన్నాయి.

"మా కోడలికి నీ సేతి కూర పడింది. ఎలగ సేస్తావో సెప్పు, నానే వండి పెట్టుకుంటాను."

అత్త చుట్ట తిప్పుకుంది. "ఏటున్నాదమ్మా? ఉలవలు, పెండలం, నెత్తళ్ళు."

"కుండకి పిండెందుకెట్టినావు?"

"ఆవిరి పోతే ఉలవలుడకవు."

"ఎంతసేపుడకాల?"

"ఉడికేదాకా."

ఇల్లు గలామె చెయ్యి చాచి కుండ మీద పెట్టింది. కాలుతున్న కుండ. తీయలేదు, కాసేపుంచి అప్పుడు తీసింది. కాలిన చెయ్యి చీరకి రాసుకుంటూ లేచింది. "బాగా పెట్టు. కడుపులో ఉన్నోడు మా ఇంటోడు," అని వెళ్ళిపోయింది.

అత్త లేచి తలుపు వేసింది. తర్వాత, "ఆవిడ కూర కోసం రానేదే. నన్ను సూడ్డానికొచ్చింది," అంది.

"అయితే పోదామత్తా. ఈ రోజే పోదాం. ఆయన్ని బతికించుకుందాం."

"పోతే? నెలలు నిండుతున్నాయి. ఆ గుంటకి ఎవులు పెడతారు?"

"మనకేటత్తా? మన గుంటా?"

అత్త నన్నొక చూపు చూసింది. తిట్టలేదు. బీట కొట్టిన చోట పిండి అద్దింది, అంతే.

నొప్పులు ఒక పొద్దుటిపూట మొదలయ్యాయి. వరసలో ఆడవాళ్ళంతా చివరింటికి చేరారు. అత్త వెళ్ళలేదు. మా గడప మీద కూర్చుని, ఒక చుట్ట అయిపోతే ఇంకో చుట్ట కాల్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకటే అనుకుంటున్నాం. బిడ్డకేమైనా అయితే మా కూర వల్లే అంటారు. నొప్పుల్లో ఆ పిల్ల నోటి నుంచి ఏ మాట జారినా ఈ పూటే అయిపోతుంది. లోపలి నుంచి అరుపులు వినిపించినప్పుడల్లా అత్త వంకర వేళ్ళు గడప చెక్కని గీకేవి. మధ్యాహ్నం మిల్లు కూత కూసింది. ఆ కూత ఆగాక బిడ్డ ఏడుపు వినిపించింది. మగపిల్లాడు.

"గొంతు బాగున్నాది," అంది అత్త. అని లేచి, పొయ్యి ముట్టించింది.

పురుడు కడిగిన రోజు మధ్యాహ్నం ఇల్లు గలామె మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఆ కంచుగిన్నె. గుమ్మం బయటే నిలబడి, గిన్నె వంగి నేల మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

"ఈ గిన్నె మీరే ఉంచుకోండి. మా ఇంట్లో ఇంక పనికిరాదు."

అత్త వంగి గిన్నె లోపలికి చూసింది.

"నెత్తళ్ళ పులుసు సల్లారితే గిన్నెకి నూనంటుతాది. మైనంలాగ తెల్లగా పేరుకోదు. మొదటి ఆదివారమే సూసినాను."

మేం వాసన దాచాం. పొగ వేశాం, పిండి వేశాం, గోనెలు కుక్కాం. చలికాలంలో కొవ్వు గడ్డకడుతుందని, చన్నీళ్ళకి పోదని మాలో ఒక్కరికీ తట్టలేదు. మేం వేడి వేడిగా తినేవాళ్ళం, మా గిన్నెలు వేడి నీళ్ళతో తోముకునేవాళ్ళం. ఆమె మొదటి రోజు నుంచీ అంతా తెలిసి, నెలల తరబడి కోడలిని మా ఇంటికి పోనిచ్చింది. కుండ మీద చెయ్యి వేసి మరీ చూసింది.

"మా మొగోళ్ళకి నానింకా సెప్పనేదు," అంది. "సాయంత్రం కూతయ్యి ఇంటికొచ్చినాక సెప్తాను. సెప్పకండా ఉండనేను. ఇది నా ఇల్లు."

అత్త నోట్లోంచి చుట్ట తీసింది. "పాలు పడ్డాయా గుంటకి?"

"పడ్డాయి."

"పిల్లడి సెవులు?"

ఇల్లు గలామె చివరింటి వైపు ఒకసారి చూసింది. "బాగున్నాయి."

"అయితే సరే," అంది అత్త.

మా సామాను ఎంతని? రెండు మూటలు. నర్సమ్మ బయటికి రాలేదు. చివరింటి తలుపు సందులో చీర చెంగు మాత్రం కనిపించింది. మేం దాటిపోయేదాకా కదల్లేదు. అత్త కంచుగిన్నె తీసి తట్టలో వేసుకుంది. "కంచు మంచిదే," అంది. చచ్చేదాకా అందులోనే తింది.

మా ఆయన మిల్లులో ఉన్నాడు, వాళ్ళూ మిల్లులోనే ఉన్నారు. నన్ను మూటలతో ఊరి చివర కల్వర్టు దగ్గర కూర్చోబెట్టి, అత్త మిల్లు గేటు ముందు తోటకూర తట్ట పెట్టుకుని కూర్చుంది, అమ్ముకోవడానికి వచ్చినట్టు. కూత కూసింది. జనం బయటికొచ్చారు. తర్వాత ఆమే చెప్పింది నాకు. మా ఆయనా, నర్సమ్మ పెనిమిటీ భుజాల మీద చేతులేసుకుని నవ్వుకుంటూ వస్తున్నారట. వెనకాల ఆ మరుదులిద్దరూ.

"ఏటి మామ్మా, కొడుకు కోసం గేటు దాకా వచ్చీసినావు?" అన్నాడట నర్సమ్మ పెనిమిటి.

"ఈడి మావకి బాగునేదు బాబూ. ఇట్నుంచిటే తీసుకుపోతాను."

"పోనీ ఆదివారానికొచ్చీ. మా ఇంటిదానికి నీ కూర నేకపోతే ముద్ద దిగదు. మాకెప్పుడు పెడతావు మరి?"

"పెడతాను బాబూ. ఇంటికెళ్ళు, మీయమ్మ సూస్తన్నాది."

అతను వీధిలోకి తిరిగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని నడిచిందట. పరిగెత్తొద్దని చెప్పిందట. పరిగెత్తితే చూస్తారని. నేను కల్వర్టు దగ్గర నుంచి చూస్తే, ఆ పొట్టి మనిషి సంతకి వెళ్ళొస్తున్నట్టు వస్తోంది. నోట్లో నిప్పు లేదు. ఆమె నోట్లో నిప్పు లేకుండా నడవడం నాకు తెలిసి అదే మొదటిసారి. ముగ్గురం గోగు చేలకి అడ్డంపడి నడిచాం. వెనక నుంచి కేకలు వినిపించాయో, వినిపించినట్టు అనుకున్నామో ఇప్పటికీ చెప్పలేను. వెనక్కి తిరిగి చూస్తే అత్త కొట్టేది.

ఆ పని మళ్ళీ దొరకలేదు. మా పొయ్యి తవ్వి పారేసి, గదిలో మట్టి చెక్కి పేడతో అలికించారని తర్వాత తెలిసింది. మా ఆయన కోసం పేట దాకా వచ్చి అడిగి వెళ్ళారని కూడా తెలిసింది. ఆరోజు ఆయన చెరువు పనికి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. నర్సమ్మ ఏమైందో తెలీదు. ఆ పిల్లాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. ఎక్కడ ఉన్నాడో, ఎవరిని చూసి ఏమంటున్నాడో.

అయిపోయింది, రాశావా? ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. గట్టిగా వద్దు, నాకు బాగానే వినిపిస్తుంది. ఈ అద్దె ఇంట్లో మన పక్క గదిలోకి ఎవరో కొత్తగా దిగారు, వాళ్ళెవరో మనకింకా తెలీదు. మెల్లగా చదువు.